ప్రోగ్రాము పోయాక మిగిలే ఫైలు: లినక్సులో కోర్ డంపుల పంచనామా

ఒక పాత ఉద్యోగంలో రాత్రి రెండింటికి ఫోను మోగింది. సర్వరులో డిస్కు నిండిపోయింది. లాగిన్ అయి చూస్తే ఒక ఫోల్డరు నిండా కోర్.2817, కోర్.2931, కోర్.3044 అంటూ వరసగా ఫైళ్లు. ఒక్కోటి 2 జీబీకి తక్కువ లేదు. తెరిచి చూద్దామంటే అక్షరం ముక్క అర్థం కాదు. చెత్త అనుకుని మొత్తం తుడిచేసి, డిస్కు ఖాళీ అయిందని హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మా సీనియర్ అడిగాడు: "ఏరా, ఆ కోర్లు ఎక్కడ పెట్టావ్?"

"తీసేశానన్నా. చెత్తనుకున్నా."

"శవాన్ని తగలబెట్టేసొచ్చావ్. ఇప్పుడు పోస్టుమార్టం ఎట్లా చేద్దామంటావ్?"

ఆ ప్రోగ్రాము రాత్రంతా చస్తూ, మళ్లీ లేస్తూ, మళ్లీ చస్తూ ఉందట. చచ్చినప్పుడల్లా కోర్ డంపు అనే ఒక ఫైలు వదిలింది. ఎందుకు చచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ ఫైళ్లే. మళ్లీ ఆ తప్పు తగిలేదాకా మేము పదకొండు రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: పంచనామా కాకుండా దహనం లేదు. ఆ పంచనామా ఎలా చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. టెర్మినల్లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

మొదటి మెట్టు: అసలు అది డిస్కు మీద ఉన్న ఫైలేనా?

డిస్కు నిండినప్పుడు చాలామంది చేసే పని, పెద్ద ఫైళ్లు ఎక్కడున్నాయో మొత్తం వెతికించడం:

ఫైండ్ / -సైజ్ +10జి

(ఆ చివరి జి పెద్ద అక్షరం.) జాబితాలో /ప్రాక్/కేకోర్ అనే పేరు కనిపిస్తుంది. ఎల్ఎస్ -ఎల్ కొట్టి సైజు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. 64 బిట్ల ఇంటెల్ లేదా ఏఎండీ యంత్రం మీద అది దాదాపు 128 టెరాబైట్లు చూపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమో 512 జీబీ డిస్కు.

కంగారు పడకండి, అది డిస్కు మీద లేదు. /ప్రాక్ కింద కనిపించేవన్నీ కెర్నెల్ (లినక్సు నడిబొడ్డున ఉండి యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము) అప్పటికప్పుడు కట్టే వేషాలు. మీరు చదవబోతే కెర్నెల్ ఆ క్షణాన జవాబు తయారుచేసి ఇస్తుంది, అంతే. కేకోర్ అనేది కెర్నెల్ మెమరీని ఒక ఫైలులా చూపించే కిటికీ. 128 టెరాబైట్లు అంటే 2కి 47వ ఘాతం, అంటే కెర్నెల్‌కి కేటాయించిన చిరునామాల పరిధి ఎంతో అంత. మీ ర్యామ్ ఎంతున్నా ఆ అంకె అలాగే ఉంటుంది. అదే ఫైలు మీద డీయూ కొట్టి చూడండి, 0 అని వస్తుంది.

/ప్రాక్ లోనే దీనికి పూర్తి తిరగబడ్డ కేసూ ఉంది. /ప్రాక్/సీపీయూఇన్ఫో సైజు 0 అని చూపిస్తుంది, క్యాట్ కొడితే పేజీలకు పేజీలు వస్తుంది. కాబట్టి /ప్రాక్, /సిస్ కింద సైజు అనే అంకెను నమ్మొద్దు. వెతికేటప్పుడు -ఎక్స్‌డెవ్ జోడిస్తే ఫైండ్ ఒకే డిస్కు దాటి పోదు, ఈ దయ్యాలు జాబితాలోకి రావు. బ్యాకప్ స్క్రిప్టు రాసేవాళ్లు కూడా /ప్రాక్‌ను తప్పించాలి. లేదంటే ఆ స్క్రిప్టు 128 టెరాబైట్లు మోయడానికి కూర్చుంటుంది.

ఇదే ఫోల్డరులో సిస్ఆర్‌క్యూ-ట్రిగ్గర్ అని ఒక ఫైలుంది. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజరుగా) దాంట్లోకి సి అనే ఒక్క అక్షరం ఎకో చేస్తే యంత్రం అక్కడికక్కడే కుప్పకూలుతుంది. కావాలనే పెట్టిన సౌకర్యం అది, క్రాష్ ఏర్పాట్లు పరీక్షించుకోవడానికి. ఏమవుతుందో చూద్దామని మాత్రం సర్వరు మీద ముట్టుకోవద్దు.

రెండో మెట్టు: కోర్ అంటే ఏమిటో తెలుసుకోవడం

1950లు, 60ల నాటి కంప్యూటర్లలో మెమరీ అంటే తీగలకు గుచ్చిన చిన్నచిన్న ఫెరైట్ ఉంగరాలు. పూసల దండల్లా ఉండేవి. ఆ ఉంగరాన్నే కోర్ అనేవాళ్లు. ప్రోగ్రాము చెడిపోతే ఆ మెమరీ మొత్తాన్ని కాగితం మీదికి గుమ్మరించేవాళ్లు. ఉంగరాలు పోయి అర్ధ శతాబ్దం అవుతున్నా పేరు మిగిలింది.

ఇప్పటి కోర్ ఫైలు కూడా అదే: ప్రోగ్రాము చచ్చిన క్షణంలో దాని మెమరీలో ఏముంది, రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న గళ్లలో) ఏముంది, ఏ సిగ్నల్ (ప్రోగ్రాముకి అందే సంకేతం) చంపింది, ఏయే లైబ్రరీలు ఎక్కించుకుని ఉంది అన్నవి ఒక ఈఎల్ఎఫ్ ఫైలుగా కెర్నెల్ రాసి పెడుతుంది. మీ బైనరీ ప్రోగ్రాములదీ అదే ఈఎల్ఎఫ్ ఫార్మాటు, రకం మాత్రం వేరు.

చావులన్నిటికీ కోర్ రాదు. లేని చిరునామా ముట్టుకుంటే వచ్చే సెగ్‌ఫాల్టు (సిగ్నల్ 11), ప్రోగ్రామే చేతులెత్తేసే అబార్ట్ (6), సున్నాతో భాగించడం లాంటి లెక్క తప్పులు (8), అర్థం కాని ఇన్‌స్ట్రక్షన్ (4), బస్ ఎర్రర్ (7), క్విట్ (3) వంటివాటికి వస్తుంది. కిల్ -9 కొడితే రాదు. ర్యామ్ చాలక కెర్నెలే చంపినా రాదు, అదీ 9వ సిగ్నలే. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ చూస్తే ఏ సిగ్నలో తెలిసిపోతుంది: అందులోంచి 128 తీసేయండి. 139 వస్తే 11, అంటే సెగ్‌ఫాల్టు. 134 అంటే అబార్ట్. 137 వస్తే కోర్ కోసం వెతకడం దండగ, కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్ కమాండులో (కొట్టేటప్పుడు డి, ఎమ్, ఈ, ఎస్, జి అనే అయిదు అక్షరాలే) ఔట్ ఆఫ్ మెమరీ అన్న మాట కోసం వెతకండి.

మూడో మెట్టు: కోర్ ఎక్కడ పడింది?

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. తెర మీద కోర్ డంప్డ్ అని వస్తుంది, ఫోల్డరులో చూస్తే ఏమీ ఉండదు. ముందు ఇది అడగండి:

క్యాట్ /ప్రాక్/సిస్/కెర్నెల్/కోర్_ప్యాటర్న్

జవాబు మూడు రకాల్లో ఒకటి అవుతుంది.

ఉత్త కోర్ అనే మాట వస్తే, ప్రోగ్రాము ఆ సమయానికి ఏ ఫోల్డరులో నడుస్తోందో అక్కడే పడుతుంది. దారితో పాటు %ఈ, %పి, %టి లాంటివి కనిపిస్తే అవి ఖాళీలు: ఈ అంటే ప్రోగ్రాము పేరు, పి అంటే ప్రాసెస్ నంబరు, టి అంటే 1970 నుంచి లెక్కించిన సెకన్లు. అన్నీ చిన్న అక్షరాలే.

మూడో రకంలో మొదటి అక్షరమే నిలువు గీత. అంటే కెర్నెల్ ఫైలు రాయకుండా కోర్‌ను నేరుగా ఇంకో ప్రోగ్రాముకి అందిస్తోందని అర్థం. 2.6.19 కెర్నెల్ నుంచి ఈ వీలుంది. ఆ గీత తర్వాత సిస్టమ్‌డీ-కోర్‌డంప్ (సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీలో కోర్లు అందుకునే భాగం) అని ఉంటే ఫైళ్లు /వార్/లిబ్/సిస్టమ్‌డీ/కోర్‌డంప్ లో కుదించి పెట్టి ఉంటాయి. ఫెడోరా, ఆర్చ్ లాంటి వాటిలో ఇదే. ఉబుంటులో ఎక్కువగా అపోర్ట్ అని ఉంటుంది. దాని నివేదికలు /వార్/క్రాష్ లో, చివర .క్రాష్ అన్న తోకతో ఉంటాయి. వాటిని అపోర్ట్-అన్‌ప్యాక్ కమాండుతో విప్పితే లోపల కోర్‌డంప్ అనే ఫైలు దొరుకుతుంది.

సిస్టమ్‌డీ-కోర్‌డంప్ ఉన్నచోట పని సులువు:

కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్
కోర్‌డంప్‌సీటీఎల్ ఇన్ఫో 2817
కోర్‌డంప్‌సీటీఎల్ డీబగ్ 2817

మొదటిది ఎవరెవరు ఎప్పుడు పోయారో వరసగా చెప్తుంది. రెండోది ఒక్క కేసు వివరాలు ఇస్తుంది. మూడోది నేరుగా డీబగ్గర్‌లో (ప్రోగ్రాము లోపలికి తొంగి చూసే పనిముట్టులో) కూర్చోబెడుతుంది. జాబితాలో ఒక కేసు పక్కన మిస్సింగ్ అని కనిపిస్తే చావు నమోదైంది కానీ ఫైలు పోయిందని అర్థం. పాత కోర్లను సిస్టమే ఊడ్చేస్తుంది కాబట్టి కొన్ని రోజులు దాటితే దొరకవు. ఇవాళ్టి క్రాష్‌ను తర్వాతెప్పుడో చూద్దాంలే అనుకుంటే చేతికేమీ మిగలకపోవచ్చు. వేరేచోటికి కాపీ తీసుకోవడానికి కోర్‌డంప్‌సీటీఎల్ డంప్ ఉంది, -ఓ తర్వాత ఫైలు పేరు ఇవ్వండి.

కంటెయినర్లలో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. కోర్_ప్యాటర్న్ కంటెయినర్‌కి విడిగా ఉండదు, కెర్నెల్ మొత్తానికి ఒకటే. అందులో మామూలు దారి ఉంటే ఫైలు కంటెయినర్ లోపల పడుతుంది, కంటెయినర్‌తో పాటే పోతుంది. నిలువు గీత ఉంటే ఆ ప్రోగ్రాము బయట, హోస్టు మీద నడుస్తుంది. కంటెయినర్ లోపల గంటసేపు వెతికి, కోర్ మాత్రం హోస్టులో దొరికిన సందర్భాలు నాకే రెండున్నాయి.

నాలుగో మెట్టు: ఎక్కడా పడకపోతే

యూలిమిట్ -సి కొట్టండి. 0 వస్తే ఆ షెల్ నుంచి నడిచేవాటికి కోర్ ఫైలు రాయొద్దని మీరే చెప్తున్నట్టు. చాలాచోట్ల మొదటి నుంచీ ఇంతే ఉంటుంది. ఇలా మార్చండి:

యూలిమిట్ -సి అన్‌లిమిటెడ్

అయితే ఇది ఆ ఒక్క షెల్‌కి, దాని పిల్లలకే వర్తిస్తుంది. మీ టెర్మినల్‌లో మార్చేసి, ఎప్పుడో బూట్ అప్పుడు లేచిన సర్వీసుకి కోర్ రాలేదేమిటని తల పట్టుకోవడం అందరం చేసే తప్పే. సర్వీసుకి కావాలంటే దాని యూనిట్ ఫైల్లో సర్వీస్ విభాగం కింద లిమిట్‌కోర్=ఇన్ఫినిటీ అని రాయాలి. ఇక్కడ లిమిట్‌లో మొదటి అక్షరమూ, కోర్‌లో నాలుగు అక్షరాలూ పెద్దవి. నడుస్తున్న ప్రాసెస్ పరిమితి ఎంతో అనుమానం ఉంటే /ప్రాక్/నంబరు/లిమిట్స్ చదవండి, అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

పరిమితి సరిగ్గానే ఉన్నా రాకపోతే ఫోల్డరు చూడండి. కెర్నెల్ కోర్ రాసేటప్పుడు ఫోల్డరు తయారు చేయదు, ఉన్నదాంట్లోనే రాస్తుంది. అది కూడా చచ్చిన ప్రోగ్రాము ఏ యూజరుదో ఆ యూజరుకి అక్కడ రాసే అనుమతి ఉంటేనే. వెనకాల నడిచే సర్వీసులు చాలావరకు రూట్ ఫోల్డరు / లో నిలబడి ఉంటాయి. మామూలు యూజరుకి అక్కడ రాసే హక్కు ఎక్కడిది? అందుకే నేను అన్నిటికీ కలిపి ఒక ఫోల్డరు పెట్టి, దారి అటు తిప్పుతాను:

సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ కెర్నెల్.కోర్_ప్యాటర్న్=/వార్/కోర్లు/కోర్.%ఈ.%పి.%టి

రీబూట్ అయినా నిలవాలంటే ఇందులో కెర్నెల్ అన్న మాట నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి కింద ఒక .కాన్ఫ్ ఫైల్లో పెట్టాలి. ఉబుంటులో అపోర్ట్ సర్వీసు లేచినప్పుడల్లా తన ప్యాటర్న్‌ను తిరిగి రాసేస్తుంది. ముందు దాన్ని ఆపకపోతే రీబూట్ తర్వాత మీ మార్పు మాయమవుతుంది.

సెట్‌యూఐడీ ప్రోగ్రాములు (ఎవరు నడిపినా ఫైలు యజమాని హక్కులతో నడిచేవి) మాత్రం పరిమితి ఎంతున్నా మామూలుగా కోర్ వదలవు. వాటి మెమరీలో మామూలు యూజరు చూడకూడనివి ఉంటాయి కాబట్టి కెర్నెలే అడ్డుకుంటుంది. /ప్రాక్/సిస్/ఎఫ్ఎస్/సూయిడ్_డంపబుల్ అనే అంకె ఆ కాపలాదారు.

ఐదో మెట్టు: ఒక చావును మనమే తయారు చేసి చూద్దాం

నిజమైన క్రాష్ వచ్చేదాకా ఆగకండి. ఏర్పాట్లు పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. స్లీప్ 1000 అని నడిపి, కంట్రోల్ నొక్కి పట్టుకుని వెనక్కి వాలిన గీత కొట్టండి. అది క్విట్ సిగ్నల్. కోర్ డంప్డ్ అని వస్తే ఫైలు ఎక్కడ పడిందో వెతికి పట్టుకోండి. వారానికోసారి ఇలా ఒక స్లీప్‌ను బలిచ్చే స్క్రిప్టు మా దగ్గర ఉండేది.

ఇప్పుడు అసలు కేసు. నేను కొత్తవాళ్లకు చూపించేది బిల్లు.సి అనే పన్నెండు లైన్ల ప్రోగ్రాము. మెయిన్ ఫంక్షన్ పదకొండో లైన్లో మొత్తం అనే ఇంకో ఫంక్షన్‌ను పిలుస్తుంది, కానీ చిరునామా ఇవ్వాల్సిన చోట నల్ (సున్నా, అంటే ఏ చోటూ కాని చిరునామా) ఇస్తుంది. మొత్తం ఫంక్షన్ అయిదో లైన్లో ఆ చిరునామాలో 108 రాయబోతుంది. కట్టడం (అంటే కంపైల్ చేయడం), నడపడం:

జీసీసీ -జి -ఓ బిల్లు బిల్లు.సి
./బిల్లు

చచ్చింది. పడిన ఫైలు ఎవరిదో ముందు అడుగుదాం:

ఫైల్ కోర్.2817

ఇది ఈఎల్ఎఫ్ 64 బిట్ కోర్ ఫైలు, ./బిల్లు నుంచి వచ్చింది అని జవాబు వస్తుంది. ఆ రాత్రి నేను ఈ ఒక్క కమాండు కొట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. ఇక డీబగ్గర్:

జీడీబీ ./బిల్లు కోర్.2817

ప్రోగ్రామూ కోరూ రెండూ ఇవ్వాలి, ప్రోగ్రాము ముందు. లోపలికి వెళ్లాక బీటీ అని కొడితే ఎవరు ఎవర్ని పిలిస్తే చివరికి ఇక్కడ పడ్డామో కనిపిస్తుంది:

#0 మొత్తం (పి=0ఎక్స్0) ఎట్ బిల్లు.సి:5
#1 మెయిన్ () ఎట్ బిల్లు.సి:11

కింది నుంచి పైకి చదవండి. మెయిన్ పదకొండో లైన్లో మొత్తంను పిలిచింది, మొత్తం అయిదో లైన్లో పోయింది, పి విలువ సున్నా. శవం అయిదో లైన్లో దొరికింది, కానీ నేరం జరిగింది పదకొండో లైన్లో. కొత్తవాళ్లు తొందరపడి అయిదో లైన్లో "పి సున్నా అయితే వదిలెయ్" అని ఒక ఇఫ్ పెట్టేసి చేతులు దులుపుకుంటారు. క్రాష్ ఆగుతుంది, బిల్లు మాత్రం తప్పు వస్తుంది. క్రాష్ అయిన బిల్లుకంటే తప్పుడు బిల్లే ప్రమాదం.

పెద్ద ప్రోగ్రాముల్లో ఇంకో నాలుగు కమాండ్లు చాలు. ఫ్రేమ్ 1 అంటే ఆ మెట్టు మీదికి వెళ్తారు. ఇన్ఫో లోకల్స్ అక్కడి చరరాశులు చూపిస్తుంది. ప్రింట్ తర్వాత ఏ పేరైనా ఇవ్వొచ్చు. థ్రెడ్ అప్లై ఆల్ బీటీ అన్ని థ్రెడ్ల (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల) పరిస్థితీ ఒకేసారి గుమ్మరిస్తుంది. లాకుల గొడవలు తేలేది ఈ చివరిదానితోనే, కాబట్టి ఎవరికైనా రిపోర్టు పంపేటప్పుడు దీన్ని తప్పకుండా జతచేయండి.

ఆరో మెట్టు: ప్రశ్నార్థకాలు వస్తే

బీటీ కొడితే పేర్ల బదులు వరసగా ?? వస్తాయి. కోర్ చెడిపోయిందని అనుకుంటారు. కాదు. కోర్‌లో చిరునామాలు ఉంటాయి, పేర్లు ఉండవు. ఫలానా చిరునామా ఫలానా ఫైల్లో ఫలానా లైను అని చెప్పే పట్టిక డ్వార్ఫ్ అనే ఫార్మాటులో వేరే ఉంటుంది. -జి తో కట్టినప్పుడు అది బైనరీలోనే ఉంటుంది. డిస్ట్రిబ్యూషన్లు సైజు తగ్గించడానికి దాన్ని కోసేసి విడి ఫైలుగా ఇస్తాయి.

/యూఎస్ఆర్/లిబ్/డీబగ్ కింద .బిల్డ్-ఐడీ అనే ఫోల్డరు, అందులో రెండేసి అక్షరాల పేర్లతో పుట్టెడు ఫోల్డర్లు, వాటి లోపల అర్థం కాని పొడుగు పేర్లతో .డీబగ్ ఫైళ్లు. మిస్టరీ ఫైళ్లంటూ జనం భయపడేవాటిలో ఇవే ముందుంటాయి. నిజానికి ఇది చక్కటి బీరువా. దాదాపు ప్రతి బైనరీలోనూ బిల్డ్ ఐడీ అని ఒక వేలిముద్ర ఉంటుంది, మామూలుగా 20 బైట్లు, రాస్తే 40 అక్షరాలు. మొదటి రెండు అక్షరాలు ఫోల్డరు పేరు, మిగతా 38 ఫైలు పేరు. కోర్‌లోనూ ఆ వేలిముద్ర దొరుకుతుంది కాబట్టి డీబగ్గర్ సరైన పట్టికను తడుముకోకుండా తీసుకుంటుంది. మీ బైనరీ వేలిముద్ర చూడాలంటే:

రీడ్‌ఈఎల్ఎఫ్ -ఎన్ ./బిల్లు

ఆ .డీబగ్ ఫైళ్లు మీ దగ్గర లేకపోతే రెండు దారులు. డెబియన్ వైపు పేరు చివర డీబీజీసిమ్, ఫెడోరా వైపు డీబగ్‌ఇన్ఫో అని ఉండే ప్యాకేజీలు వేసుకోవచ్చు. నా ఓటు రెండో దారికి: డీబగ్‌ఇన్ఫోడీ. 2019లో ఈఎల్ఎఫ్‌యూటిల్స్ ప్రాజెక్టు దీన్ని తెచ్చింది. వేలిముద్ర పంపితే నెట్ మీది సర్వరు ఆ పట్టిక పంపిస్తుంది. 2020లో వచ్చిన జీడీబీ 10 నుంచి డీబగ్గరే దీనితో మాట్లాడగలదు. ఫెడోరా, డెబియన్, ఉబుంటు, ఆర్చ్ అన్నీ సర్వర్లు నడుపుతున్నాయి. కొత్త జీడీబీ తెరవగానే డీబగ్‌ఇన్ఫోడీ వాడమంటారా అని అడుగుతుంది, చాలామంది చదవకుండా కాదు అనేసి ఆనక ప్రశ్నార్థకాలు చూసి బాధపడతారు.

ఇక్కడొక మెలిక. క్రాష్ అయ్యాక ఎవరో ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేశారనుకోండి, పాత కోర్‌కి కొత్త బైనరీ సరిపోదు. జీడీబీ కోర్ ఈ ప్రోగ్రాముది కాకపోవచ్చు అని హెచ్చరిస్తుంది, కానీ పని ఆపదు. తప్పుడు లైన్లు ధీమాగా చూపిస్తుంది. అందుకే రిలీజ్ చేసిన ప్రతి బైనరీనీ, దాని డీబగ్ పట్టికనూ దాచి పెట్టుకోవాలి. -జి వల్ల ప్రోగ్రాము నెమ్మదించదు, ఫైలు సైజు మాత్రమే పెరుగుతుంది.

ఏడో మెట్టు: కోర్ లేదు, ఒక్క లైనే మిగిలింది

అంతా పోయినా కెర్నెల్ లాగ్‌లో ఒక లైను మిగిలి ఉండొచ్చు. డీమెసేజ్ కొడితే ఇలాంటిది కనిపిస్తుంది:

బిల్లు[2817]: సెగ్‌ఫాల్ట్ ఎట్ 0 ఐపీ 0000558040201139 ఎర్రర్ 6 ఇన్ బిల్లు[558040201000+1000]

మధ్యలో కొన్ని అంకెలు వదిలేశాను. ఎట్ 0 అంటే ముట్టుకోబోయిన చిరునామా సున్నా, అంటే నల్. ఐపీ అంటే అప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ చిరునామా. ఎర్రర్ అంకెను ముక్కలు చేసి చదవాలి: 4 ఉంటే తప్పు యూజర్ ప్రోగ్రాములో జరిగింది, 2 ఉంటే రాయబోయింది, లేకపోతే చదవబోయింది, 1 ఉంటే ఆ పేజీ ఉంది కానీ అనుమతి లేదు, లేకపోతే పేజీయే లేదు. 6 అంటే 4, 2 కలిసినది: యూజర్ ప్రోగ్రాము, లేని చోట రాయబోయింది. మన 108 కథ మొత్తం ఆ ఒక్క అంకెలో ఉంది.

లైను కూడా పట్టుకోవచ్చు. ఐపీలోంచి బ్రాకెట్లో మొదటి అంకె తీసేయండి: 139. అది కోడ్ ముక్క మొదలు నుంచి దూరం. ఆ కోడ్ ముక్క ఫైల్లో ఎక్కడ మొదలవుతుందో రీడ్‌ఈఎల్ఎఫ్ -ఎల్ చెప్తుంది (చిన్న ఎల్), తరచుగా 1000. రెండూ కలిపితే 1139. అన్నీ హెక్సా అంకెలే, మామూలు కూడిక అనుకోవద్దు. తర్వాత:

యాడర్2లైన్ -ఎఫ్ -ఈ ./బిల్లు 1139

మొత్తం, బిల్లు.సి:5 అని వస్తుంది. కోర్ లేకపోయినా పదింట ఆరుసార్లు ఇది చాలు. మిగతా నాలుగుసార్లు, ఎవరు పిలిస్తే అక్కడికి వచ్చామో తెలియక కోర్ కోసం ఏడుస్తాం.

ఎనిమిదో మెట్టు: చావలేదు, బిగుసుకుపోయింది

ప్రోగ్రాము బతికే ఉంది, కానీ ఉలకదు పలకదు. చంపకముందు /ప్రాక్ కింద దాని నంబరు ఫోల్డరులోకి వెళ్లండి. ఎఫ్‌డీలో అది తెరిచి పట్టుకున్న ఫైళ్లు, మ్యాప్స్‌లో మెమరీ చిత్రం, స్టేటస్‌లో దాని స్థితి ఉంటాయి. స్థితి డి అని ఉంటే డిస్కు కోసమో నెట్‌వర్క్ డ్రైవు కోసమో కెర్నెల్ లోపల కాచుకుని ఉందన్నమాట, కిల్ -9 కొట్టినా మామూలుగా కదలదు. రూట్‌గా అదే ఫోల్డరులోని స్టాక్ ఫైలు చదివితే కెర్నెల్‌లో ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

చంపకుండానే కోర్ తీసుకోవాలంటే జీకోర్ 2817 కొట్టండి. తీస్తున్నంతసేపూ ప్రోగ్రాము ఆగి, తర్వాత మళ్లీ నడుస్తుంది. మీ సొంత ప్రాసెస్ మీదే అనుమతి లేదంటే /ప్రాక్/సిస్/కెర్నెల్/యామా/పీట్రేస్_స్కోప్ చూడండి. ఉబుంటులో అది 1 ఉంటుంది, రూట్‌గా నడిపితే సరి. సర్వీసును రీస్టార్ట్ చేసే ముందు జీకోర్ తీసుకోవడం అలవాటు చేసుకున్నాక మా టీములో "మళ్లీ వస్తే చూద్దాం" అనే మాట బాగా తగ్గింది.

కెర్నెలే కూలితే కథ వేరు. రాసేవాడే పోయాడు కదా. అందుకే కేడంప్ ఏర్పాటులో బూట్ సమయంలోనే క్రాష్‌కెర్నెల్= అని కొంత ర్యామ్ పక్కన పెట్టి, అందులో రెండో కెర్నెల్‌ను కూర్చోబెడతారు. మొదటిది పోగానే రెండోది లేచి, పాత మెమరీని వీఎమ్‌కోర్ అనే ఫైలుగా /వార్/క్రాష్ కింద రాస్తుంది. దాన్ని చదివే పనిముట్టు పేరు క్రాష్. సొంత డ్రైవర్లు రాయనివాళ్లకు అక్కడిదాకా వెళ్లే పని అరుదు.

తొమ్మిదో మెట్టు: ఎవరికైనా పంపేముందు

కోర్ అంటే ఆ ప్రోగ్రాము మెమరీ. చచ్చే క్షణానికి అందులో డేటాబేస్ పాస్‌వర్డు, ప్రైవేటు కీ, ఎవరో కస్టమరు ఫోను నంబరు ఉంటే అవన్నీ ఆ ఫైల్లో ఉన్నట్టే. నమ్మకపోతే స్ట్రింగ్స్ కోర్.2817 కొట్టి చూడండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు పేరుపేరునా బయటికి వస్తాయి. కాబట్టి కోర్‌ను గ్రూపులో పెట్టొద్దు, బగ్ రిపోర్టుకి తగిలించొద్దు. బీటీ ఫలితం పంపండి, అందులోనూ ఆర్గ్యుమెంట్లలో ఏమైనా దొర్లిందేమో ఒకసారి చదువుకుని.

మెమరీలో ఏ భాగాలు కోర్‌లోకి వెళ్లాలో /ప్రాక్/నంబరు/కోర్‌డంప్_ఫిల్టర్ నిర్ణయిస్తుంది, మామూలుగా దాని విలువ హెక్సాలో 33. ప్రోగ్రాము రాసేది మీరే అయితే రహస్యాలున్న మెమరీ పేజీలకు ఎమ్అడ్వైజ్‌తో డోంట్‌డంప్ అని గుర్తు పెట్టొచ్చు, 3.4 కెర్నెల్ నుంచి ఆ వీలుంది.

సైజు చూసి కూడా తొందరపడొద్దు. కోర్లో చాలాసార్లు ఖాళీ గుంతలు ఉంటాయి. ఎల్ఎస్ -ఎల్ 2 జీబీ అంటుంది, డీయూ 300 ఎంబీ అంటుంది. డిస్కు తింటున్నది రెండో అంకె. జెడ్ఎస్‌టీడీతో కుదిస్తే ఇంకా తగ్గుతుంది. సిస్టమ్‌డీ అయితే /ఈటీసీ/సిస్టమ్‌డీ/కోర్‌డంప్.కాన్ఫ్ లో మ్యాక్స్‌యూజ్= కి 5జి అని ఇస్తే అంతకు మించకుండా పాతవి తనే తీసేస్తుంది. ఇక్కడ ఎమ్, యూ, జి పెద్దవి.

వీజీకోర్.2817 అని కనిపిస్తే అది వాల్‌గ్రైండ్ వదిలిన కోర్, ఇవే పద్ధతులు. హెచ్ఎస్_ఎర్ర్_పిడ్ అని మొదలయ్యే లాగ్ ఫైలు జావా యంత్రం కూలినప్పటిది, మామూలు పాఠ్యమే, తెరిచి చదవొచ్చు. పెర్ఫ్.డేటా అనేది ఎవరో వేగం కొలిచి మర్చిపోయినది.

ఇక డిస్కు నిజంగానే నిండిపోయి, అర్ధరాత్రి ఫోను మోగిందనుకోండి. ఒకే ప్రోగ్రాము నలభైసార్లు చచ్చి ఉంటే కోర్లు నలభై అక్కర్లేదు. మొదటిది ఒకటి, చివరిది ఒకటి, వాటితో పాటు ఆ బైనరీ కాపీ వేరే డిస్కుకి పంపించండి. బైనరీ మర్చిపోకండి, పొద్దున్నే ఎవరో కొత్త వెర్షన్ ఎక్కించేస్తారు. కాపీ పూర్తయిందని చూసుకుని మిగతా ముప్ఫై ఎనిమిదీ తుడిచేసి, సర్వీసును ఆపి పడుకోండి. ఆపకపోతే గంటలో మళ్లీ ఫోను మోగుతుంది.